గంప కింది పిట్ట

సెంటినరీ కాలనీ,
16 నవంబరు 2006, గురువారం.

ప్రియమైన సంధ్యారాణీ,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: సైన్సు పీరియడ్‌లో శాంతిరాజ్ సార్ "పుస్తకాలు మూసి సంచిలో పెట్టుండ్రి" అన్నారు. పరీక్ష అనుకుని మొగిలి వెంటనే కడుపు పట్టుకున్నాడు. వాడి కడుపునొప్పి నీకు తెలుసు కదా, తొమ్మిదో తరగతికి వచ్చినా నయం కాలేదు. కానీ అది పరీక్ష కాదు. సార్ మమ్మల్ని వరుస కట్టించి కంప్యూటర్ గదికి తీసుకెళ్లారు! నువ్వు ఉన్నప్పుడు ఆ గదికి ఎప్పుడూ తాళమే. కిటికీ చువ్వల్లోంచి చూసి, ప్లాస్టిక్ ముసుగులు వేసుకున్న ఆ మూడు కంప్యూటర్లను నువ్వు "చర్చిలో పెళ్లికూతుళ్లు" అనేదానివి. ఈ రోజు ముసుగులు తీశారు.

బోర్డు మీద సార్ ఒకే ప్రశ్న రాశారు. "పూర్వం బొగ్గు గనిలోకి పంజరంలో పిట్టను ఎందుకు తీసుకెళ్లేవారు? ఆ పిట్ట ఇప్పుడు ఎక్కడుంది?" జవాబు ఆయన చెప్పరట. మేమే ఇంటర్నెట్‌లో వెతకాలి. ఎక్కడ మొదలుపెట్టాలో నాలుగైదు చోట్లు రాసిచ్చారు, అంతే. జట్టుకు నలుగురం. ఒకరు డాక్టరు, ఒకరు గని ఆఫీసరు, ఒకరు కార్మికుడు, ఒకరు పిట్ట. ఎవరి వైపు నుంచి వాళ్లు వెతికి, క్రిస్మస్ సెలవులకు ముందు అందరివీ కలిపి క్లాసులో చెప్పాలి. చీటీలు తీస్తే నాకు పిట్ట వచ్చింది. మా జట్టుకు డాక్టరు మొగిలి. ఇక మేం బతికినట్టే.

సార్ పెట్టిన షరతులు నీకు నచ్చుతాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టు ఎక్కించకూడదు. రాసింది ఎవరో చూడాలి. ఒకచోట చదివింది ఇంకోచోట సరిచూడాలి. ప్రతి వాక్యం సొంత మాటల్లో రాయాలి. "మీ ఇంట్ల సదువు రాని పెద్దమనిషికి చెప్తే సమజ్ కావాలె. కాకుంటే మీకు గూడ సమజ్ కానట్టే" అన్నారు.

ఒక్కటే కష్టం. మా ఇంటర్నెట్, హెడ్మాస్టర్ గారి ఫోను ఒకే తీగ మీద నడుస్తాయి. పిట్ట బొమ్మ తల వరకు తెర మీదికి వచ్చిందో లేదో ఆయన ఫోను ఎత్తారు. తోక రానే లేదు.

మీ బాపుకు కాసిపేట బదిలీ అయినప్పటి నుంచి గ్రంథాలయానికి ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఉత్తరానికో కొత్త మాట అన్న మన ఒప్పందం మరిచిపోలేదు. ఈ ఉత్తరానికి నా కొత్త మాట "అన్వేషణ". పైకి పలికి చూడు, చివర్లో నాలుక వెనక్కి తిరిగి ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది. నీ మాట పంపు. నేనిచ్చిన కథల పుస్తకం ఎంతవరకు వచ్చిందో కూడా రాయి.

నీ
లిల్లీ


కాసిపేట,
25 నవంబరు 2006.

ప్రియమైన లిల్లీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు పిట్టవైతే ఆ గని నిద్రపోదు, అంత వాగుతావు.

ఇక్కడ చలి మొదలైంది. మన కాలనీ చలి దీని ముందు ఏమీ కాదు. ఊరి నుంచి సారక్క అవ్వను కూడా తెచ్చుకున్నాం. అమ్మా బాపూ ముందు గదిలో పడుకుంటారు, అవ్వా నేనూ లోపలి గదిలో. మాకు చలి తగలకూడదని బాపు ఆ గది కిటికీకి గోనెసంచి కొట్టి, దాని మీద ప్లాస్టిక్ కాగితం వేసి, అంచులన్నీ మేకులతో బిగించాడు. ఒక్క సన్న గాలి కూడా రాదు. రోజూ అవ్వ వాకిట్లో బొగ్గుల కుంపటి ముట్టించి, పొగంతా పోయి నిప్పులు ఎర్రగా అయ్యాక లోపలికి తెస్తుంది. "పొగ కండ్లకు మంచిది కాదు బిడ్డా" అంటుంది. కోడిపిల్లలను కూడా గంప కింద మా గదిలోనే పెట్టుకుంది. పిల్లలూ, అవ్వా, నేనూ ఒకే గూట్లో ఉన్నట్టుంది.

నా మాట "వెచ్చన".

పుస్తకం ఇంకా చదవలేదు. ఉత్తరం చిన్నగా ఉందని కోపం తెచ్చుకోకు.

నీ
సంధ్యారాణి


సెంటినరీ కాలనీ,
2 డిసెంబరు 2006.

సంధ్యా,

కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? పుస్తకం ఇస్తే నెలలో రెండుసార్లు చదివేదానివి, ఇప్పుడు "చదవలేదు" అని ఒక్క ముక్క. అక్కడ కొత్త స్నేహితురాలు దొరికితే దొరికిందని రాయి. నేనేమీ అనుకోను. (అనుకుంటాను.)

నా పిట్ట సంగతి చెప్పాలి. మొదటి పేజీలో "విషవాయు ప్రభావమునకు లోనై తత్‌క్షణమే" అని మొదలుపెట్టాను. ఎంత గంభీరంగా ఉందో అని నాకే ముచ్చటేసింది. సార్ చదివి, "లిల్లీ, ఇది నీ మాటనా?" అని అడిగారు. కాదన్నాను. "మరి నీ మాట ఏది?" అన్నారు. పేజీ మొత్తం కొట్టేశారు. ఆ రోజంతా అన్నం సహించలేదు. మళ్లీ రాశాను. ఇదిగో, నీకే మొదట చూపిస్తున్నాను:

"గనిలో బొగ్గు సరిగా గాలి అందకుండా కాలితే ఒక గ్యాసు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపు తట్టకుండా వచ్చే దొంగచుట్టం అది. మనిషి కంటే పిట్ట గబగబా ఊపిరి తీస్తుంది కాబట్టి ముందు పిట్ట వాలిపోతుంది. పిట్ట వాలితే మనుషులు పైకి పరుగెత్తాలి."

సార్ "దొంగచుట్టం" కింద గీత గీశారు. తప్పు గీత కాదు, మెచ్చుకునే గీత!

డాడీని కూడా అడిగాను. ఆయన మైనింగ్ సర్దార్ కదా, షిఫ్టు మొదలయ్యే ముందు దీపం పట్టుకుని గ్యాసు చూసేది ఆయనే. "మీథేన్ అయితే దీపం మంట చెప్తది బిడ్డా. గీ గ్యాసును దీపం పసిగట్టది. గందుకే పిట్ట" అన్నాడు. ఇప్పుడు పిట్టకు బదులు చేతిలో పట్టే పెట్టె వచ్చిందట. అంటే సార్ రెండో ప్రశ్నకు జవాబు "పెట్టె" అనుకుంటున్నాం. సార్ మాత్రం "ఇంకా వెతుకుండ్రి" అంటున్నారు.

డాక్టరు మొగిలి ఇంకా ఒక్క పేజీ కూడా తేలేదు. కంప్యూటర్‌లో కారు ఆట ఆడుతున్నాడు.

నా మాట "దొంగచుట్టం". నేనే కలిపాను కాబట్టి నాదే.

లిల్లీ


కాసిపేట,
11 డిసెంబరు 2006.

లిల్లీ,

నీ కోపం చదివి ఏడుపొచ్చింది. కొత్త స్నేహితురాలు ఎవరూ లేరు. దాచిన సంగతి ఇప్పుడు చెప్తాను. బడిలో అన్నం గంటలో కూర్చుని రాస్తున్నాను, ఇంట్లో రాస్తే అమ్మ ఊరుకోదు.

నాకు తలనొప్పి వస్తున్నది. చలి మొదలైనప్పటి నుంచి. నిద్ర లేవగానే తల బద్దలైనట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. పోయిన వారం బడి ప్రార్థనలో వాంతి చేసుకున్నాను. అందరూ చూశారు. రెండో పీరియడ్‌కల్లా తగ్గిపోతుంది. మళ్లీ తెల్లారితే అదే.

ఇదంతా చదువు వల్లేనని అమ్మ నమ్మకం. "పొద్దంతా బుక్కులల్ల తలకాయ వెడ్తె నొయ్యదా? ఆడిపిల్లకు గన్ని కథలెందుకు?" అని నా పుస్తకాలన్నీ ఇనుప పెట్టెలో వేసి తాళం వేసింది. నీ పుస్తకం కూడా అందులోనే ఉంది. తాళంచెవి కొంగున కట్టుకుంది. మంచిర్యాలలో కళ్ల డాక్టరుకు చూపిస్తే చూపు బాగుందన్నాడు. నేను సంతోషించాను. అమ్మకు మాత్రం ఇంకా గట్టి నమ్మకం కుదిరింది. "కండ్లు మంచిగున్నయంటే మెదడే వేడెక్కింది. గిట్లనే ఉంటే వచ్చే ఏడు బడి బంద్" అంటున్నది. బాపు ఏమీ మాట్లాడడు. నా పదో తరగతి ఒక తాళంచెవికి వేలాడుతున్నది, లిల్లీ.

అవ్వకూ పొద్దున్నే తలనొప్పే. తలకు గుడ్డ కట్టుకుని మూలుగుతుంది. అవ్వకు అక్షరం ముక్క రాదు కదా, ఆమె ఏం చదివిందని అడిగితే "గది ముసలితనం, నోర్ముయ్" అంది అమ్మ.

దీనికి తోడు ఇంకొక దిగులు. నిన్న పొద్దున గంప లేపితే నాలుగు కోడిపిల్లలు చచ్చిపడి ఉన్నాయి. మిగిలిన రెండు మెడలు వాల్చాయి. కొక్కెర రోగమని అవ్వ అంటుంది. వాకిట్లో తిరిగే కోళ్లకు మాత్రం ఏమీ కాలేదు. అవ్వ రాత్రి చలికేమోనని కుంపటిని గంప దగ్గరికి ఇంకొంచెం జరిపింది.

నా దగ్గర కొత్త మాట లేదు. పుస్తకం లేనిదే మాట ఎక్కడ దొరుకుతుంది?

సంధ్య


సెంటినరీ కాలనీ,
16 డిసెంబరు 2006, శనివారం మధ్యాహ్నం.

సంధ్యా,

చదివే ముందు కిటికీ తెరువు. తెరిచావా? గోనెసంచి పీకెయ్. ఇప్పుడు చదువు.

ఈ ఉత్తరం డాడీ చేతికిచ్చి పంపుతున్నాను. పొద్దున మొగిలి ఎట్టకేలకు తన డాక్టరు పేజీ తెచ్చి క్లాసులో చదివాడు. ఆ గ్యాసు ఒంట్లోకి పోతే ముందు తలనొప్పి. తర్వాత కడుపులో తిప్పడం, వాంతి. బయటి గాలిలోకి వస్తే తగ్గుతుంది. ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోతుంది. మేం నవ్వుతూ విన్నాం, ఎందుకంటే వాడు చదువుతూ తల పట్టుకుని నటిస్తున్నాడు.

ఇంటికి రాగానే నీ ఉత్తరం. కోడిపిల్లల దగ్గరికి వచ్చేసరికి లేచి మొగిలి ఇంటికి పరుగెత్తి వాడి పేజీ తెచ్చాను. నాలుగు పిట్టలు వాలిపోయాయి, సంధ్యా.

డాడీ అప్పుడే మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. చెప్తే ముందు నవ్వాడు. "గ్యాసు బొగ్గుబాయిల ఉంటది గాని, ఇంట్ల కుంపటిల ఏడుంటది బిడ్డా? పొగ పోయినంకనే లోపటికి తెస్తున్నరాయె." నేను మొగిలి పేజీ చూపించాను. పొగ వేరు, ఈ గ్యాసు వేరు అని అందులో ఉంది. మూడుచోట్ల సరిచూసి రాశాడు, ఈసారి వాడు నిజంగానే చూశాడు. పొగ లేని ఎర్రటి నిప్పుల నుంచి కూడా అది వస్తుంది. మూసిన గదిలో పేరుకుంటుంది. ఆ తర్వాత నీ రెండు ఉత్తరాల్లోని కిటికీ సంగతి, గంప సంగతి చదివి వినిపించాను. డాడీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చెయ్యి కడుక్కున్నాడు.

మీ క్వార్టర్ల వరుసలోని పోశం దుకాణానికి ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు చొక్కా వేసుకుంటున్నాడు. పొద్దు మునిగేలోపు చేరతానంటున్నాడు.

అవ్వకు నా "దొంగచుట్టం" పేజీ చదివి వినిపించు, సంధ్యా. సార్ చెప్పినట్టే రాశాను, ఆమెకు అర్థం కావాలి.

లిల్లీ


కాసిపేట,
18 డిసెంబరు 2006, సోమవారం.

నా ప్రాణ స్నేహితురాలు లిల్లీకి,

నేను బాగున్నాను. అవ్వ బాగుంది. అందుకే వివరంగా రాస్తున్నాను, నువ్వు ఆత్రపడకుండా చదువు.

శనివారం దీపాలు పెట్టే వేళకు అవ్వ కుంపటి లోపలికి తెస్తున్నది. గడప మీద ఎవరో అడ్డం నిలబడి కుంపటి పట్టుకున్నారు.

"ఎవడ్రా నా కుంపటి గుంజుకునేది?"

"నేనే అత్తా, యిర్మియాను. లిల్లీ తండ్రిని."

"నువ్వా బిడ్డా! చలికి వచ్చినవ్, రా, కూసో, కాచుకుందువు."

"లోపట కాదత్తా, వాకిట్లనే కాచుకుందం. ఇగ ఇది గడప దాటొద్దు."

"పొగ లేదు గదరా, వట్టి నిప్పులే. బాయిల పన్జేసేటోనివి, నిప్పులకు భయపడ్తవా?"

"పొగ ఉంటే ఇంత భయం కాకపోవు అత్తా."

మీ నాన్న నేరుగా లోపలికి వెళ్లి గోనెసంచిని ఒక్క గుంజు గుంజాడు. మేకులు టపటపా రాలాయి. బాపు పరుగెత్తుకొచ్చి, "ఏంది బావా, నా ఇల్లు పీకుతున్నవ్! బదిలీ అయి వస్తే దావత్ ఇయ్యలేదనా?" అన్నాడు. మీ నాన్న నవ్వలేదు. "ఎల్లన్న బావా, గీ గది బాయి అనుకో. గాలి వచ్చే తొవ్వ లేదు, పోయే తొవ్వ లేదు, నడుమ నిప్పు. నువ్వయితే మనుషుల్ని లోపలికి పంపుతవా?" అని అడిగాడు.

బాపు రాలిన మేకొకటి చేతికి తీసుకున్నాడు. తర్వాత అక్కడే కింద కూర్చున్నాడు. "బాయిల గాలి సక్కగ రాకుంటే పని బంద్ వెట్టి కొట్లాడేటోన్ని. ఇంట్ల నేనే నా చేతులతోని గాలి మూసిన" అన్నాడు. బాపు కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి. మీ నాన్న పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "నేను గూడ నవ్విన బావా. పిల్ల చెప్తే నమ్మలే. పొద్దంతా గ్యాసు వెతికేటోన్ని, కుంపటిల ఉంటదని నాకూ తట్టలే" అన్నాడు.

నేను నీ పేజీ చదివాను. అవ్వ మొదటి రెండు వాక్యాలకు తల ఊపింది. దొంగచుట్టం అనగానే "ఆగు, మళ్ల చదువు" అంది. మళ్లీ చదివాను. గంప వైపు చూసింది. "అయితే నా పిల్లలు చెప్పినయా? నేనే ఇనలేదా?" అని అడిగింది. అవ్వే లేచి, నీళ్లు చల్లి కుంపటి ఆర్పేసింది.

ఆ రాత్రి మూడు దుప్పట్లు కప్పుకుని, కిటికీ తెరిచి పడుకున్నాం. చలికి పళ్లు టకటకలాడాయి. ఆదివారం పొద్దున కళ్లు తెరిచి, కదలకుండా ఉండిపోయాను. నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు. పక్కనుంచి అవ్వ గొంతు వినిపించింది: "ఏందే పోరీ, నా తలకాయ ఉన్నదా పోయిందా? జర చూడు. ఏం తెలుస్తలేదు." ఇద్దరం నవ్వాం, లిల్లీ. అమ్మ వచ్చి ఏమైందని అడిగేదాకా నవ్వాం. రెండు కోడిపిల్లలూ గంప కింద కీచుకీచుమంటున్నాయి.

రాత్రి ఇక్కడే ఉండిపోయిన మీ నాన్నే మమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరు అన్నీ అడిగి, అవ్వ ఊపిరి చూసి, యిర్మియా మామ చెప్పింది నిజమేనన్నాడు. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే ఏం జరిగేదో చెప్పలేనన్నాడు. అమ్మ అప్పటిదాకా గట్టిగా నిలబడింది, ఆ మాటకు బల్ల మీద కూర్చుండిపోయింది.

అయినా అమ్మ అమ్మే. "గ్యాసు సంగతి సరే. బుక్కుల సంగతి వేరే. వచ్చే శనివారం పొద్దటి దాకా తల నొయ్యకుంటే అప్పుడు పెట్టె తీస్త. నొస్తే మాత్రం నీ మెదడుదే తప్పు" అంది. బాపు మొదటిసారి మాట కలిపాడు. "గట్లయితే అంతవరకు నేను గూడ చూస్త. నొయ్యకుంటే పదో తరగతి మాట మళ్ల ఎత్తద్దు" అన్నాడు.

అమ్మ కూడా అన్వేషణ మొదలుపెట్టింది. శాంతిరాజ్ సార్‌కు చెప్పు.

నీ
సంధ్యారాణి


(పోస్టుకార్డు)

కాసిపేట, 20 డిసెంబరు.

ఈ రోజు కూడా ఏమీ లేదు. ప్రార్థనలో నిటారుగా నిలబడ్డాను. అమ్మ పొద్దున్నే నా మొహంలో మొహం పెట్టి, "నొస్తున్నదా? నిజం చెప్పు, నొస్తలేదా?" అని అడుగుతుంది. లేదంటే సంతోషం దాచుకుని విసుక్కుంటుంది. – సం.


సెంటినరీ కాలనీ,
22 డిసెంబరు 2006, శుక్రవారం.

ప్రియమైన సంధ్యా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఎందుకో చివర్లో చెప్తాను. నాకూ సస్పెన్సు వచ్చు.

ఈ రోజు మా జట్టు వంతు. ఆఫీసరు, కార్మికుడు చెప్పారు. మొగిలి ఈసారి తల పట్టుకుని నటించలేదు. నీ సంగతి విన్నప్పటి నుంచి వాడు మారిపోయాడు. పేజీ చదివి, "నేను కార్ల ఆట ఆడకపోతే ఇది ముందుగాలనే తెలుస్తుండె" అని నెమ్మదిగా అన్నాడు. చివరికి సార్ రెండో ప్రశ్న అడిగారు. "ఆ పిట్ట ఇప్పుడు ఎక్కడుంది?" మిగతా జట్లన్నీ పెట్టె అని చెప్పాయి, బొమ్మ కూడా గీశాయి. నేను లేచి, "కాసిపేటలో, సారక్క అవ్వ గంప కింద ఉంది సార్" అన్నాను.

మొత్తం చెప్పాను. తలుపు దగ్గర హెడ్మాస్టర్ గారు నిలబడి వింటున్నారని నాకు తెలియదు. ఫోను దొరకడం లేదని మా మీద కేకలేయడానికి వచ్చారట. కేకలు మరిచిపోయి, "మా ఇంట్ల గూడ మా అమ్మ మూసిన గదిలనే పెట్టుకుంటది" అని మెల్లగా అన్నారు. వెంటనే ఆఫీసు గదికి వెళ్లారు. అంతే, మా ఇంటర్నెట్ కట్. ఆ ఫోను ఎవరికి చేశారో తెలుసు కాబట్టి ఎవరం విసుక్కోలేదు.

సార్ ఎక్కువ మాట్లాడలేదు. "ప్రశ్న నాది. జవాబు మాత్రం నేను అనుకున్నది కాదు. అంతకంటే మంచిది" అన్నారు. సెలవుల్లో ఎవరి వరుస క్వార్టర్లకు వాళ్లు వెళ్లి కుంపటి ఎక్కడ పెడుతున్నారో చూసి చెప్పాలని అందరం అనుకున్నాం. మొగిలి మా వరుస తీసుకున్నాడు. మా వరుసలో అప్పాలు బాగా చేస్తారని వాడి ఆశ.

ఇంటికొస్తే డాడీ, వెంటిలేటర్‌కు అడ్డంగా మమ్మీ పెట్టిన క్యాలెండర్ అట్ట తీసేస్తున్నాడు. "దోమలొస్తయి" అని మమ్మీ, "రానియ్, దోమలు చెప్పి కుడుతయి" అని డాడీ. ఒక వారంగా మా ఇంట్లో ఇదే పంచాయితీ.

ఈ ఉత్తరానికి నా మాట "ఊపిరి". చిన్న మాట. ఇన్నాళ్లూ పెద్ద పెద్ద మాటల కోసం వెతుకుతూ దీన్ని ఎప్పుడూ ఎత్తి చూడలేదు.

ఇప్పుడు సస్పెన్సు. రేపు శనివారం. మాకు సెలవులు మొదలు, డాడీకి రెస్టు. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరుతున్నాం. అవ్వ కోసం ఆరు కోడిపిల్లలను బుట్టలో కట్టించాడు డాడీ, ఇప్పుడు కూడా వంటింట్లో కీచుమంటున్నాయి. గోనెసంచి ఉన్న చోట బిగించడానికి ఇనుప జాలీ కూడా తెస్తున్నాడు. మీ బాపును సుత్తి సిద్ధంగా పెట్టమని చెప్పాలంటే ఈ ఉత్తరం ముందు చేరాలి, అది కుదరదు కాబట్టి నేనే వచ్చి చెప్తాను.

మీ అమ్మ పెట్టె తీసేటప్పుడు నేను పక్కనే ఉండాలి. తర్వాత వాకిట్లో ఎండ పడే చోట చాప వేద్దాం. ఒక పక్క అవ్వ, ఒక పక్క అమ్మ. నువ్వు ముందు ఈ ఉత్తరం గట్టిగా చదువు. ఆ తర్వాత నా పుస్తకం మొదటి కథ. నీ తల నొస్తుందేమో అమ్మ చూస్తూ కూర్చుంటుంది. చూడనీ.

నీ
లిల్లీ